మైకత్తకు వచ్చిపడిన కొత్త రూలు

బస్టాండులో ఒక గాజు గది ఉండేది. అందులో మైకు ముందు కూర్చుని ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ మాట్లాడింది. ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఏ పిల్ల తప్పిపోయి విచారణ గది దగ్గర ఏడుస్తోందో, ఎవరి గొడుగు ఎవరికి దొరికిందో, అన్నీ ఆవిడ నోటి నుంచే ఊరికి తెలిసేవి. బయట జనం చేతులూపినా, విసుక్కున్నా, అద్దాన్ని వేళ్ళతో టకటకా కొట్టినా లోపలికి వినిపించేది కాదు. చెప్పడం ఆవిడ వంతు, వినడం ఊరి వంతు. ఎదురు మాట అనేది ఒకటుంటుందని ఆవిడకు ఉద్యోగం ఎప్పుడూ నేర్పలేదు.

అలా అలవాటైన గొంతు ఇంటికి రాగానే తగ్గుతుందా? భర్త ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేసే మనిషి. పగలంతా కాగితాలు మడిచి మడిచి, ఇంటికొచ్చాక తనూ ఓ మూల మడత పడి కూర్చునేవాడు. "మా ఇంట్లో రేడియో కొనలేదండీ, అవసరం పడలేదు" అని తోటి పనివాళ్ళతో చెప్పుకునేవాడు. ఆ మాట తిరిగి తిరిగి ఆవిడ చెవిన పడింది. ఆవిడేం కోప్పడలేదు. మెచ్చుకోలుగానే తీసుకుంది.

రిటైరవడానికి ఇంకా కొంత గడువుండగానే బస్టాండులో రికార్డు గొంతు పెట్టారు. చేతికో పూలగుత్తి ఇచ్చి, నలుగురిని నిలబెట్టి ఫొటో తీసి ఆవిడను పంపేశారు. మర్నాడు ఆవిడ చీర మార్చుకుని వెళ్ళి, ప్రయాణికురాలిలా బెంచీ మీద కూర్చుని, ఆ గొంతును చెవులు రిక్కించి వింది. ఇంటికొచ్చి, "ఆ పిల్లకి ఆలస్యమైన బస్సూ ఒకటే, వేళకొచ్చిన బస్సూ ఒకటే" అంది. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ ఇంట్లో ఆమె గొంతు కొన్నాళ్ళు నిజంగానే తగ్గింది. భర్తకు అది చూసి భయం వేసింది.

సరిగ్గా అప్పుడే కూతురూ అల్లుడూ ఆట కార్డుల దుకాణం తెరిచారు. ముందు గదిలో అమ్మకం, వెనక హాల్లో ఆడుకోవడానికి బల్లలు. కౌంటర్లో కాస్త సాయంగా ఉంటుందని కూతురు తల్లిని రమ్మంది. వచ్చిన రోజే ఆవిడ కౌంటరు వదిలి హాల్లో తేలింది. ఒక బల్ల దగ్గర నిలబడి, "నీలం చొక్కా బాబూ, ఆ ఏనుగుని అలా దాచుకుని ఏం చేద్దామని?" అంది. నీలం చొక్కా అతను మొహం మాడ్చుకున్నాడు. చేతిలో ఏనుగు కార్డు ఉందని ఎదుటివాడికి తెలిసిపోయింది మరి.

ఫిర్యాదు అల్లుడి దాకా వెళ్ళింది. అత్తగారిని మందలించే ధైర్యం అతనికి ఏ జన్మకూ రాదు. గొంతు సవరించుకుని, "అత్తయ్యగారూ, మీరూ ఒక కట్ట తీసుకుని కూర్చోకూడదూ?" అన్నాడు. ఆటలో పడితే నోరు మూతపడుతుందని అతని ఎత్తుగడ. నోరు మూతపడలేదు గానీ, ఆవిడ గెలవడం మొదలుపెట్టింది. ఆ హాల్లోనే ఆవిడకు మైకత్త అని పేరొచ్చింది. కొన్నాళ్ళకు దుకాణం తరఫున పోటీలకు వెళ్ళేది కూడా ఆవిడే అయింది. అక్కడ బల్ల మీద దుకాణం పేరున్న అట్టముక్క, దాని వెనక మైకత్త. ఆ కుర్చీలో ఆవిడను చూసి ఎవరూ "ఈవిడెందుకు" అనలేదు. గాజు గది పోయాక ఆవిడకు దొరికిన చోటు అదొక్కటే.

ఆట పేరు కోటగోడ. తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది. ఇద్దరూ తమ ముందు కొన్ని కార్డులు బోర్లించి వరసగా పేర్చుకుంటారు. అవి రాళ్ళు. ఎవరి రాళ్ళన్నీ ముందు కూలితే వాళ్ళు ఓడినట్టు. వంతు వచ్చినప్పుడల్లా కొన్ని పసుపు గాజుబిళ్ళలు తీసుకోవచ్చు. వాటిని దీపాలంటారు. దీపాలు ఖర్చుపెట్టి చేతిలోంచి గద్దనో దొంగనో ఏనుగునో దింపి ఎదుటివాళ్ళ రాళ్ళు పడగొట్టాలి. వంతు అయిపోయేసరికి మిగిలిన దీపాలు ఆరిపోతాయి. అంటే డబ్బాలోకి పోతాయి. మీ వంతులో ఎదుటివాళ్ళు చేతులు కట్టుకుని చూడాల్సిందే.

ఇంతకంటే మైకత్తకు సరిపోయే ఆట ఇంకొకటి ఉంటుందా? వంతు రాగానే ఉన్న దీపాలన్నీ ఊదేసేది. గద్ద, గద్ద మీద దొంగ, దొంగ వెనక ఇనుప ఏనుగు, ఒక్క ఊపిరిలో దింపేసేది. నోటితో వ్యాఖ్యానం కూడా ఉండేది. "ఇదిగో గద్ద బయల్దేరింది, మీ ఎడమ పక్క రాయి ఖాళీ చేయండి, వెనక దొంగ వస్తున్నాడు, జేబులు జాగ్రత్త!" ఎదుటివాడు కళ్ళు తేలేసి చూస్తుండగా గోడ సగం నేలమట్టం.

వియ్యపురాలి సంగతి కూడా చెప్పాలి. అల్లుడి తల్లి. ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. డాక్టరు చెయ్యి చాపేలోపు అందులో కావలసిన పనిముట్టు పెట్టడమే ఆవిడ చేసిన ఉద్యోగం. నోరు విప్పే అవసరం రాలేదు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని గడిపిన అలవాటు కావచ్చు, గుడ్డ తీసేశాక కూడా పెద్దగా మాట్లాడేది కాదు. దుకాణంలో ఓ మూల కూర్చుని కొత్త కార్డులకు ప్లాస్టిక్ తొడుగులు తొడుగుతూ ఉండేది. సరదాకి అడపాదడపా ఆడేది, మర్యాదగా ఓడిపోయేది. ఇద్దరూ ఒకరినొకరు వదినగారూ అనుకునేవారు. ఒకరు వందసార్లు అంటే ఒకరు ఒక్కసారి అనేవారు, అదే తేడా.

ఇలా సాఫీగా సాగుతుండగా ఆట కంపెనీవాళ్ళు కొత్త విడత కార్డులు విడుదల చేశారు. పేరు ఎదురుగాలి. దాంతోపాటు పల్చటి రూల్సు పుస్తకం. అల్లుడు డబ్బా విప్పి పుస్తకం తిరగేశాడు. సగంలో ఆగి, కౌంటర్లో ఉన్న భార్య వైపు చూశాడు. ఆమె కూడా వచ్చి చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, భయానికో తెలియలేదు.

"ఏమిటర్రా ఆ గుసగుసలు? పైకి చదవండి" అంది మైకత్త.

కూతురు చదివింది. ఇక మీదట మిగిలిన దీపాలు ఆరిపోవు, తరవాతి వంతుకు దాచుకోవచ్చు. నీలం అంచు ఉన్న కార్డులు కొత్తగా వచ్చాయి. వాటిని జవాబు కార్డులంటారు. దాచుకున్న దీపం ఉంటే, ఎదుటివాళ్ళ వంతులోనే వాటిని దింపి వాళ్ళ ఎత్తు ఆపేయొచ్చు. ఆ జవాబుకి మళ్ళీ జవాబు కూడా ఇవ్వొచ్చు. ఇనుప ఏనుగు ఇదివరకు మూడు రాళ్ళు పడగొట్టేది, ఇక రెండే. పాత కార్డు మీద ఏమి అచ్చయి ఉన్నా కొత్త పుస్తకంలో ఉన్నదే చెల్లుతుంది.

"సరే, ఏనుగుకి పాపం వయసు మీద పడింది. ఇంకేమిటి?"

కూతురు ఒకసారి మొగుడి మొహం చూసి, చివరి రూలు చదివింది. "ఎవరైనా ఒక కార్డు దింపిన ప్రతిసారీ, జవాబు అని ఎదుటివాళ్ళని అడిగి, వాళ్ళు ఏదో ఒకటి తేల్చేదాకా ఆగాలి. జవాబు లేనివాళ్ళు బల్ల మీద తట్టాలి. అడగకుండా, ఆగకుండా రాయిని ముట్టుకుంటే దింపిన కార్డు చెల్లదు."

మైకత్త కూతురి దగ్గరికి జరిగింది.

"ప్రతి కార్డుకీనా?" అంది మైకత్త.

"ప్రతి కార్డుకీ, అమ్మా."

"అడిగి, ఆగాలా?"

"ఆగాలి."

"ఇది ఆటా, పెళ్ళిచూపులా?" అని పుస్తకం లాక్కుని, తను ఒకసారి చదివి, అందులో అలాగే ఉండేసరికి అట్ట వెనక్కి తిప్పి, కంపెనీవాళ్ళ ఫోను నెంబరు కోసం వెతికింది.

ఆ వారంలో మైకత్తను ఓడించని మనిషి లేడు. గద్దను దింపిన మరుక్షణం చెయ్యి రాయి మీద ఉండేది. "అడగలేదు" అనేవాడు ఎదుటివాడు. గద్ద పోయేది. దొంగను దింపేది. ఈసారి అడిగేది గానీ, అడగడమూ రాయిని తీయడమూ ఒకే క్షణంలో జరిగిపోయేవి. "ఆగలేదు" అనేవాడు. దొంగ కూడా పోయేవాడు. మొన్ననే తొలి కార్డులు కొనుక్కున్న డ్రైవింగు స్కూలు మాస్టారు కూడా ఆవిడను ఓడించాడు. "అమ్మా, మలుపు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి వెళ్ళాలి, అంతే కదా ఇది" అని పాఠం కూడా చెప్పాడు. ఆవిడ అతని వంక చూసిన చూపుకి మాస్టారు ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్ళిపోయాడు.

విచిత్రమేమిటంటే, మూల కూర్చుని తొడుగులు తొడిగే వియ్యపురాలు గెలవడం మొదలుపెట్టింది. దీపాలు దాచడం, ఎదుటివాళ్ళ చెయ్యి కనిపెట్టడం, సరైన సమయానికి సరైన కార్డు అందించడం. ఈ కొత్త రూల్సు ఆవిడను చూసే రాసినట్టున్నాయి.

వచ్చే ఆదివారం దుకాణాల మధ్య పోటీ. దుకాణానికి ఒక్కరే. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. డ్రైవింగు మాస్టారే వచ్చి అల్లుడి చెవిలో, "ఈసారి మీ అమ్మగారిని పంపండి సార్" అన్నాడు. అల్లుడి గుండెల్లో రాయి పడింది. తల్లిని పంపితే అత్తగారిని దింపినట్టు. అత్తగారిని పంపితే దుకాణం పరువు. ఏది చేసినా సాయంత్రం అన్నం తినాల్సింది ఇద్దరికీ మధ్య కూర్చునే. "నువ్వు చెప్పు" అన్నాడు భార్యతో. "మీ అత్తగారు, మీరే చెప్పండి" అందామె. "మీ అమ్మ!" "మీ అత్త!" ఇలా ఆ మాట ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంది.

మైకత్తకు తెలియక కాదు. పోటీ ప్రకటన గోడకు అంటించి ఉంది. దుకాణం పేరుంది, సమయం ఉంది, ఆటగాడి పేరు దగ్గర ఖాళీ. రెండు రోజులు చూసింది. మూడో రోజు కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, అక్కడ పేరు రాయలేదేం?"

"అదీ... పెన్ను..." అని అల్లుడు నీళ్ళు నమిలాడు. అతని చొక్కా జేబులో రెండు పెన్నులున్నాయి.

"ఒకసారి చెప్పాపెట్టకుండా నన్ను కుర్చీలోంచి లేపారు, పూలగుత్తి ఇచ్చి" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మళ్ళీ అలా లేవను. లేపాలనుకుంటే బల్ల మీద ఓడించి లేపండి. శనివారం సాయంత్రం మీ అమ్మగారూ నేనూ కూర్చుంటాం. గెలిచినవాళ్ళ పేరు రాయి."

మూలనుంచి వియ్యపురాలు తొడుగు మీంచి తల ఎత్తకుండానే, "సరే వదినగారూ" అంది.

ఇక ఇంట్లో సాధన. భర్తకు ఆట రాదు. "మీరేం ఆడక్కర్లేదు, నేను జవాబు అన్నప్పుడల్లా బల్ల మీద తట్టండి చాలు. నేను ఆగడం నేర్చుకోవాలి" అంది. ఆయన తట్టాడు. మొదట్లో ఆయన తట్టేలోపే ఆవిడ చెయ్యి రాయి మీదికి వెళ్ళేది. "ఇంకా తట్టలేదే" అనేవాడు. ఆవిడ పళ్ళు నూరుకుని మళ్ళీ మొదలుపెట్టేది.

సాధన బల్ల దాటి వంటింట్లోకి కూడా వచ్చింది. నోటికి అలవాటవ్వాలని ఏ మాట అన్నా చివర ఆ ప్రశ్న తగిలించేది. "కిటికీ మూసేస్తున్నాను. జవాబు?" అని ఆగింది.

ఆయన చదువుతున్న పేపరు దించాడు. "మూయకు" అన్నాడు.

"ఏం?"

"నాకు గాలి ఇష్టం. పెళ్ళయినప్పటినుంచీ."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే కదా" అని ఆయన మళ్ళీ పేపరు ఎత్తాడు. పేపరు వెనక నవ్వుతున్నాడని ఆవిడకు తెలిసిపోయింది. కిటికీ తెరిచే ఉంచింది. ఆ వారం ఆయన ఇంకా చాలా జవాబులు చెప్పాడు. కూరగాయ ముక్కలు చిన్నగా తరగాలన్నాడు. ఆ ఊదారంగు కర్టెను తనకు మొదటినుంచీ నచ్చలేదన్నాడు. తమ్ముడింటికి వెళ్ళినప్పుడల్లా వెంటనే తిరిగొచ్చేద్దామని తన మనసులో ఉండేదన్నాడు. "చాలు, చాలు! మీరు తట్టండి, మాట్లాడొద్దు" అంది ఆవిడ చివరికి.

శనివారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. మిగతా బల్లలు ఖాళీ, అందరూ ఒక్క బల్ల చుట్టూనే. తీర్పు చెప్పేది కూతురు. ఒకపక్క కన్నతల్లి, ఒకపక్క అత్తగారు. "నేను ఎవరి పక్షమూ కాదు" అంది కూర్చుంటూ.

"మాకు తెలుసులే, రూలు చూసుకో" అంది తల్లి.

మొదటి వంతు మైకత్తది. గద్దను దింపింది. "ఇదిగో బయల్దేరింది..." అంటూ చెయ్యి చాపింది.

"అమ్మా. అడగలేదు."

ఇంట్లో అంత సాధన చేసిన మనిషి! గద్ద పోయింది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వియ్యపురాలు తన వంతులో ఒక చిన్న కార్డు దింపి, నెమ్మదిగా జవాబు అడిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగింది. మైకత్త బల్ల తట్టింది. రాయి పోయింది. మళ్ళీ మైకత్త వంతు. ఈసారి అడిగింది, అడిగి ఆగింది కూడా. వియ్యపురాలు నీలం కార్డు వేసి ఆపేసింది. "ఆగినా పోయేదే, ఆగకపోయినా పోయేదే. ఇంక ఆగడం దేనికి?" అని మైకత్త గొణిగింది. గొణుగుడు వీధిలోకి వినిపించింది.

ఆట సగానికి వచ్చేసరికి మైకత్త గోడ సగం పైగా కూలింది. అప్పుడు ఒక చిత్రం జరిగింది. మైకత్త దొంగను బల్ల మీద పెట్టింది. అడగడానికి ఇంకా నోరు తెరవలేదు, అంతలోనే దొంగ పక్కన నీలం కార్డు వచ్చి కూర్చుంది. ఎంత మెత్తగా వచ్చిందంటే, చుట్టూ ఉన్నవాళ్ళలో సగం మంది గమనించనే లేదు.

మైకత్త కార్డు వంక చూసింది, వియ్యపురాలి వంక చూసింది, కూతురి వంక తిరిగింది. "తీర్పరమ్మా, నేనేమైనా అడిగానా?"

కూతురు ఇబ్బందిగా కదిలింది. "లేదు."

"మరి వదినగారు ఇచ్చేశారేం?"

"అడగకముందే ఇచ్చిన జవాబు చెల్లదు, అత్తయ్యా" అంది కూతురు పుస్తకం చూసి.

వియ్యపురాలి మొహం ఎర్రబడింది. "అయ్యో, చెయ్యి వెళ్ళిపోయింది" అంది. "అడిగాక అందిస్తే మా పెద్ద డాక్టరు ఉరిమి చూసేవాడు, వదినగారూ. ఆయన ఆలోచన కూడా అవకముందే చేతిలో పెట్టాలి."

"ఇక్కడ కడుపు కోసి పెట్టలేదు లెండి, నెమ్మదిగా ఇవ్వండి" అంది మైకత్త. హాలు గొల్లుమంది. వియ్యపురాలు కూడా నవ్వింది. ఆవిడ పళ్ళు చాలామంది చూడడం అదే మొదలు.

అక్కడినుంచి ఆట నవ్వులాటలో పడింది. ఒకరు అడగడం మరిచిపోతారు, ఇంకొకరు అడగకముందే ఇచ్చేస్తారు. "అమ్మా, ఆగలేదు." "అత్తయ్యా, ఆగండి." పాపం కూతురికి తలకాయ అటూ ఇటూ తిప్పి తిప్పి మెడ పట్టేసింది. అల్లుడు కౌంటర్లోంచి తొంగిచూసి, ఎవరు గెలుస్తున్నారని కూడా అడగకుండా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. కానీ రాళ్ళు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. చివరికి మైకత్తకు ఒకే ఒక్క రాయి మిగిలింది, వియ్యపురాలికి రెండు. వచ్చే వంతులో వియ్యపురాలు ఏది దింపినా ఆట అయిపోతుంది. నవ్వులు ఆగిపోయాయి.

మైకత్త చేతిలో ఇనుప ఏనుగు ఉంది. సరిగ్గా రెండు రాళ్ళు. ఏనుగుకు కావలసిన దీపాలున్నాయి, పైన ఇంకొక్కటి. పోయిన వంతులో ఆ దీపాన్ని కూడా ఊదేద్దామని చెయ్యి దురద పెట్టింది. చేతిలో ఒక నీలం కార్డు, పిచ్చుక, ఊరికే ఉంది. ఆ కార్డు ముఖం చూసి, ఏడుస్తూనే ఒక బిళ్ళ అట్టేపెట్టింది. దీపం మిగల్చడం ఆవిడ ఆటలో అదే మొదటిసారి.

ఏనుగును దింపింది. అడగలేదు. రాయిని ముట్టుకోనూ లేదు. ఊరికే కూర్చుని వియ్యపురాలి కుడిచేతి వంక చూసింది.

చూసేవాళ్ళకు ఒక్క క్షణంలో అర్థమైంది. మైకత్త ఆగితే వియ్యపురాలు ఆగలేకపోతుంది. నీలం కార్డు ముందే వచ్చేస్తుంది, చెల్లకుండా పోతుంది, ఏనుగు గోడను కూల్చేస్తుంది. వియ్యపురాలి వేళ్ళు కదిలాయి. చేతిలోని కార్డు ఒకటి సగం పైకి లేచింది. ఆవిడకూ అప్పుడే అర్థమైంది. గబుక్కున కార్డులన్నీ ఎడమచేతిలోకి మార్చి, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. మైకత్త అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ దుకాణం గోడలు ఎరగవు. డ్రైవింగు మాస్టారు ఊపిరి బిగబట్టి దగ్గు ఆపుకుంటున్నాడు.

"అమ్మా" అంది కూతురు. "అడుగు."

"అడుగుతున్నాగా" అని, మైకత్త అడిగింది. "జవాబు?"

వియ్యపురాలు తొడ కిందినుంచి చెయ్యి తీసి, వేళ్ళు విదిల్చుకుని, నీలం కార్డు పెట్టింది. మంచు తలుపు. ఎంత పెద్ద జంతువునైనా ఒకసారి ఆపేస్తుంది. చుట్టూ నిట్టూర్పులు. ఎవరో అప్పుడే బల్ల దగ్గరనుంచి వెనక్కి జరిగారు కూడా.

మైకత్త మిగిలిన బిళ్ళను డబ్బాలో వేసి, పిచ్చుకను మంచు తలుపు మీద పెట్టింది. జవాబుకు జవాబు. తలుపు తెరుచుకుంది.

హాలు ఒక్కసారి అరిచింది. ఆ అరుపుతోపాటే మైకత్త చెయ్యి లేచి రాళ్ళ మీదికి వెళ్ళింది. ఆ క్షణాన ఇంకెవరికీ గుర్తులేదు, కూతురికి తప్ప. ప్రతి కార్డుకీ అడగాలి. పిచ్చుక కూడా కార్డే. కూతురు రూలు ప్రకారం ముందుగా చెప్పకూడదు. పెదవులు బిగించి, కళ్ళు మూసుకుంది.

చెయ్యి రాయికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. గాల్లోనే ఉంది. వెనక్కి తీసుకుంటే మళ్ళీ ఏం చేస్తుందోనని నమ్మకం లేనట్టు, మైకత్త దాన్ని అక్కడే వేలాడదీసి, ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, వియ్యపురాలి కళ్ళల్లోకి చూసింది.

"జవాబు?"

ఈసారి ఆ గొంతు పక్క బల్లకు కూడా వినపడలేదు.

వియ్యపురాలి దగ్గర దీపాలున్నాయి. కార్డులు ఒక్కొక్కటే తిరగేసింది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి చూసింది. మైకత్త చెయ్యి కిందికి దిగలేదు. వియ్యపురాలు కార్డులు మూసి, బల్ల మీద రెండు వేళ్ళతో తట్టింది.

మైకత్త ఒక రాయి తీసింది. తరవాత రెండోది తీసింది. అప్పుడు గానీ కూతురు కళ్ళు తెరవలేదు.

అల్లుడు కౌంటర్లోంచి వచ్చాడు. ఎవరూ అడక్కముందే జేబులోంచి పెన్ను తీసి, గోడ మీది ప్రకటనలో ఖాళీ నింపాడు. అక్షరాలు పెద్దగా, గుండ్రంగా రాశాడు. తల్లి వంక బెదురుగా చూశాడు.

"నన్నేం చూస్తావురా? సరిగ్గా రాశావా లేదా చూసుకో" అంది తల్లి. తరవాత బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్న కార్డులన్నీ దగ్గరికి లాగి, ఎవరివి వాళ్ళకు విడదీయడం మొదలుపెట్టింది.

మైకత్త ఇంకా కుర్చీలోనే ఉంది. నలుగురూ వచ్చి భుజం తడుతున్నారు. డ్రైవింగు మాస్టారు, "మలుపు దగ్గర భలే ఆగారమ్మా" అన్నాడు. ఆవిడ ఈసారి ఉరిమి చూడలేదు.

"వదినగారూ" అంది వియ్యపురాలు. "రేపు మీ ఎదురుగా కూర్చునేవాళ్ళు నాలా తొందరపడి కార్డులు పారేసుకోరు. నా తప్పులు తీసేసి లెక్కవేస్తే మీరు ఎప్పుడో ఓడిపోయారు."

"ఇప్పుడే గెలిచాను. ఒక్క నిమిషం ఆనందించనివ్వండి."

"ఆనందిస్తూ కార్డులు కలపండి. రెండో కార్డు దింపేటప్పుడే మీరు అడగడం మరిచిపోతున్నారు, గమనించారా? మొదటిదానికి ఇప్పుడు బాగానే ఆగుతున్నారు."

మైకత్త ఒక నిమిషం ఆలోచించింది. నిజమే. ఇంతమంది చూస్తున్నా ఆ ముక్క చెప్పిన మనిషి ఈవిడొక్కతే. పొగుడుతున్నవాళ్ళను చేత్తో పక్కకు జరగమని, కుర్చీ ముందుకు లాక్కుంది.

"మీరు మాత్రం? చేతిని తొడ కింద పెట్టుకుని ఆడతారా రోజూ?"

"నేను పోటీకి వెళ్ళడం లేదు కదా. పెట్టుకుంటాను."

కూతురు మెడ రుద్దుకుంటూ, "ఇక నా వల్ల కాదు, మీకు మీరే తీర్పు చెప్పుకోండి" అని లేచిపోయింది. బల్లకు రెండు వైపులా మళ్ళీ రాళ్ళు బారులు తీరాయి. మైకత్త దీపాలు తీసుకుని, గద్దను దింపి, అడిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగింది. తరవాత రెండో కార్డు దింపింది. చెయ్యి కదలబోయింది.

వియ్యపురాలు కనుబొమ్మలు మాత్రం పైకి లేపింది.

"అడుగుతున్నానండీ బాబూ, అడుగుతున్నాను" అంది మైకత్త.